శిఖం భూమి: సోమశిల తీరంలో సాగు, ఆస్తి, సంస్కృతి

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో ‘శిఖం’ అనే మాట ఒకటుంది. చెరువు నిండినప్పుడు నీటి కింద ఉండి, నీళ్లు తీసిన తర్వాత దున్నకానికి పనికివచ్చే నేలకు అది పేరు. అలాంటి నేల మీద రైతుకు పట్టా ఉంటే దానిని శిఖం పట్టా అంటారు. నీళ్లున్నన్నాళ్లు ఆ పట్టాదారు చెరువుకు గండి కొట్టించడానికి వీల్లేదు, నీళ్లు పోయాక అతని సాగును అడ్డుకోవడానికి ఊరికీ వీల్లేదు. ఒకే నేల మీద నీటికి కొన్ని నెలలు, నాగలికి కొన్ని నెలలు హక్కు పంచిపెట్టిన ఈ చిన్న ఏర్పాటు, చెరువుల మీద బతికిన పల్లెలు ఆస్తి అనే భావనను ఎంత సడలింపుతో, ఎంత లెక్కతో వాడుకున్నాయో చూపుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో, కృష్ణ ఎడమ ఒడ్డున ఉన్న సోమశిల చుట్టుపక్కల నాలుగు దశాబ్దాలకు పైగా నడుస్తున్న చరిత్రను ఈ ఒక్క మాట ఆధారంగా చదవడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. శ్రీశైలం జలాశయం నీరు ఏటా ఎక్కి దిగే ఆ తీరమంతా స్వభావంలో ఒక పెద్ద శిఖమే. ప్రాజెక్టు కాగితాలు మాత్రం దానికి ముంపు అనే ఒక్క పేరే పెట్టాయి.

సేద్యపు పల్లెలో బతుకు, ఆస్తి, సంస్కృతి ఒకదానిలో ఒకటి ఎలా అల్లుకుంటాయో చెప్పవలసివచ్చినప్పుడు మానవశాస్త్రజ్ఞులు తరచుగా జావా ద్వీపపు పల్లెను ఉదాహరణగా తీసుకుంటారు. అక్కడి భూమికి ప్రధానంగా రెండు పేర్లు: నీటి పారకం ఉండి వరి పండే మడి ‘సావా’, వానమీద ఆధారపడే మెట్ట ‘తెగాల్’. నిజాం కాలపు రికార్డుల్లోని ‘తరి’, ‘ఖుష్కి’ ఇంచుమించు ఇదే విభజన. పోలిక అంతవరకే. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో వెలువరించిన గ్రంథంలో, జావా మడి ఎంతమంది కూలీలు దిగితే అంతమందికీ ఏదో ఒక పని చూపి, అందరినీ కొద్దికొద్దిగా పోషిస్తూ, పేదరికాన్ని పంచుకునే సమాజాన్ని తయారుచేసిందని వాదించాడు. ఆ వాదాన్ని తర్వాతివారు గట్టిగా ప్రశ్నించారు కూడా. సోమశిల ఉన్న పాలమూరు (పాత మహబూబ్‌నగర్) నేలకు అలాంటి ఓపిక లేదు. చెలక భూమిలో జొన్న, ఆముదం, కంది వేసిన రైతుకు వాన రెండు వారాలు తప్పితే ఇంటిల్లిపాదికీ పని పోతుంది, అందుకే జావాలో జనం మడిలోకే మరింతగా ఒదిగితే ఇక్కడి జనం ఊరు దాటారు. గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చిన పైకానికి కట్టుబడి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడికి వెళ్లిన పాలమూరు లేబర్ చరిత్ర ఈ నేల గుణం నుంచే మొదలవుతుంది. ఏటి ఒడ్డున ఉన్న నల్లరేగడి ఒక్కటే దీనికి మినహాయింపు: వరద తెచ్చి పరిచిన ఒండ్రు, చలికాలపు మంచు పదునుకే శనగ, జొన్న పండించే బరువైన నేల. ముంపు తీసుకుపోయింది సరిగ్గా ఆ నేలనే.

జావాకూ ఈ తీరానికీ మధ్య ఊహించిన పోలికలే కాక ఒక చారిత్రక బంధమూ ఉంది. కావలి సోదరుల సాయంతో తెలుగు నేల కైఫీయత్తులు సేకరించిన కర్నల్ కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం చూసి, ఆ యాత్రా వృత్తాంతాన్ని అచ్చువేయించాడు. అతడే 1811లో ఆంగ్ల సేనలతో జావా వెళ్లి, 1813 వరకు అక్కడే ఉండి, ద్వీపంలోని భూమి హక్కులను విచారించే సంఘానికి అధ్యక్షత వహించాడు. ఆ విచారణ ఆధారంగా అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు రాఫెల్స్ తెచ్చిన భూమి శిస్తు పద్ధతికి మద్రాసు వైపు అనుభవం ఒక నమూనా. దత్తమండలాల్లో 1800 నుంచి 1807 వరకు మన్రో రైతువారీగా చేసిన బందోబస్తు ఆ అనుభవంలో పెద్ద భాగం. కృష్ణకు దక్షిణాన పక్కనే ఉన్న సీమలో తయారైన కొలమానం సముద్రం దాటి జావా మడులకు చేరింది, ఏరు దాటి సోమశిలకు మాత్రం రాలేదు. అవతలి కర్నూలు 1839లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోగా, ఇవతలి ఒడ్డు నిజాం ఏలుబడిలో, సంస్థానాల నీడలో ఉండిపోయింది. ఆ తేడా నేటికీ నాలుక మీద ఉంది: అవతలి రైతు ఎకరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తే ఇవతలి రైతు నలభై గుంటలుగా లెక్కిస్తాడు, అంటే గుంటకు 121 చదరపు గజాలు, సెంట్లలో రెండున్నర.

సోమశిల ప్రాంతం సురభి వంశీయులు ఏలిన జటప్రోలు సంస్థానంలోది. సంస్థానం పేరు జటప్రోలుదైనా రాజధాని కొల్లాపూర్. గద్వాల, వనపర్తి, అమరచింత, గోపాలపేట సంస్థానాలూ దీని ఇరుగుపొరుగువే. నిజాముకు ఏటా పేష్కష్ అనే కప్పం కట్టి, తమ ఏలుబడిలో శిస్తు తామే వసూలు చేసుకునే ఈ చిన్న రాజ్యాల్లో భూమిని ఒకే మనిషి సొత్తుగా చెప్పడం కష్టం. రాజుకు శిస్తు, పట్టాదారుకు సాగు పెత్తనం, కౌలుదారుకు పంటలో పాలు, జీతగాడికి ఏడాది గింజలు, దేవుడికి ఇనాం, వీటన్నిటికీ కింద ఊరి పనివాళ్ల మేర ఉండేవి. మేర అంటే కల్లంలో పంట నూర్చిన రోజునే వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన ఆయగాళ్లకు రాశి నుంచి కొలిచి ఇచ్చే గింజ. చెరువు తూము తీసి మూసే నీరడికి కొన్ని ఊళ్లలో విడిగా ఇనాం నేల ఉండేది. జావా పల్లెలో ఊరి పెద్దకూ అతని సహాయకులకూ జీతానికి బదులు సాగుకు వదిలే ‘బెంకోక్’ భూమి ఈ ఇనాముకు దగ్గరి చుట్టం: పదవి ఉన్నన్నాళ్లే నేల, పదవి దిగితే నేలా దిగిపోతుంది. వరి కోతకు వచ్చిన ప్రతివారికీ కోసినదానిలో వాటా ఇచ్చే ‘బావోన్’ అనే ఆచారమూ అక్కడ ఉండేది. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నూ తుంచే ఆ కోత, కొత్త వంగడాలూ కొడవళ్లూ వచ్చాక వెనుకబడింది. ఇక్కడ కోత అయ్యాక చేలో రాలిన వెన్నులను పేద ఆడవాళ్లు ఏరుకునే పరిగె కూడా అలాంటి హక్కే, ఎవరూ రాసివ్వని హక్కు.

ఈ పొరలను మంచివిగా తలచుకుని మురిసిపోవడానికి ఏమీ లేదు. మేర కొలిచే చేతికి కులం ఉంది, జీతగాడి ఏడాది అప్పు తీరకుండానే కొత్త ఏడాది మొదలయ్యేది, పట్వారీ బస్తాలోని పహాణీలో ఏ పేరు ఎక్కిందో రైతుకు తెలిసేది కాదు. పహాణీ అంటే ఏ సర్వే నంబరులో ఎవరు పట్టాదారు, ఎవరు అనుభవదారు, ఏ పంట వేశారు అని ఏటా రాసే రిజిస్టరు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, ఆ చట్టం కింద రక్షిత కౌలుదారుల జాబితా, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, 1955లో ఇనాముల రద్దు చట్టం వరుసగా వచ్చి, పొరలుగా ఉన్న హక్కులను ఒక గడిలో ఒక పేరుగా కుదించాయి. కొందరు కౌలుదారులకు దానివల్ల నిజంగా భూమి దక్కింది. అయితే ఆ గడిలోకి ఎక్కనివారు, అంటే తెల్లకాగితం మీద రాయించుకున్న సాదాబైనామాతో భూమి కొన్నవారు, మేర మీద బతికినవారు, బంచరాయిలో పశువులు మేపుకున్నవారు, రాజ్యం దృష్టిలో ఆస్తి లేనివారయ్యారు. ఆనకట్ట వచ్చేదాకా ఈ సంగతికి పెద్ద పర్యవసానం లేదు, ఎందుకంటే కాగితంలో లేని హక్కు ఊళ్లో చెల్లుబాటు అవుతూనే ఉంది.

శ్రీశైలం ఆనకట్టకు 1963 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఈ అంకె ఇంజనీరుకు ఒక ప్రమాణం, తీరవాసికి మాత్రం అది ఊరి నడిబొడ్డున గీసిన గీత. గీతకు కింద ఉన్నది మునుగుతుంది, పైన ఉన్నది మునగదు, మునిగేదానికి అప్పట్లో 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ధర కట్టేవారు. ఆ చట్టం మార్కెట్ ధర మీద నూటికి 15 చొప్పున కలిపి ఇచ్చిన సొమ్ము ఇష్టం లేకుండా వదులుకున్నందుకు ఓదార్పు కింద లెక్క. 1984లో దాన్ని నూటికి 30 చేసేసరికి ఈ ఊళ్లు నీటిలో ఉన్నాయి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు, లక్షకు పైగా ఎకరాలు ముంపులోకి వెళ్లాయి, నిర్వాసితుల సంఖ్య లక్షకు తగ్గదు. 1981లో అధికారులు ‘ఆపరేషన్ డిమాలిషన్’ అనే పేరు పెట్టి మరీ ఇళ్లు కూల్చి ఊళ్లు ఖాళీ చేయించారు. ప్రభుత్వ వ్యవహారానికి పెట్టిన పేర్లలో ఇంత దాపరికం లేని పేరు అరుదు.

నష్టపరిహారం ఎవరికి అందిందన్నది చూస్తే పహాణీ గడి బలం అర్థమవుతుంది. పట్టాదారుకు ఎకరానికి ఇంత అని వచ్చింది, ఇంటికి, బావికి, చెట్టుకు విడిగా ధర కట్టారు. కల్లంలో మేర కొలిపించుకునే కుమ్మరికి ఊరు పోతే నలభై ఇళ్ల గిరాకీ పోతుంది, కాని ఆ గిరాకీకి సర్వే నంబరు లేదు. గొర్రెలకాపరికి ఏటి ఒడ్డు మేత పోయింది, చేపలు పట్టే బెస్తవారికి మడుగులు పోయాయి, జీతగాడికి యజమానితోపాటు అప్పు మినహా అన్నీ పోయాయి. పైకం అందినవారికీ అది ఒక్కసారిగా అందలేదు; కోర్టుకు వెళ్లి ధర పెంచుకున్న రైతుకు పెరిగిన సొమ్ము వచ్చేసరికి చుట్టుపక్కల భూమి ధర దాన్ని దాటి పోయింది. 1986లో వచ్చిన 98వ నంబరు జీవో ప్రాజెక్టుల్లో భూములు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం చొప్పున మాట ఇచ్చింది, ‘98 జీవో’ అనే మాట ఆనాటి నుంచి ఈ తీరంలో ఆశకూ ఎదురుచూపుకూ కలిపి ఒకే పేరైంది. పోయిన భూమికి బదులు భూమి అడిగినవారికి కొలువు చూపించడంలోనే ఒక తీర్పు దాగి ఉంది: రైతు పోగొట్టుకున్నది ఆదాయం మాత్రమే అని.

జలాశయం ఏటా 885 అడుగుల దగ్గరే నిలబడి ఉంటే చర్చ ఇక్కడితో ముగిసేది. జూలై, ఆగస్టుల్లో ఎగువ వరదతో నిండే నీరు, కరెంటుకూ కాలువలకూ విడుదలై చలికాలం నుంచి దిగడం మొదలుపెడుతుంది. వేసవికి 810 అడుగుల దరిదాపులకు దిగిన ఏడాదులూ ఉన్నాయి. పైగా ఏటేటా ఒండ్రు చేరి, మొదట 308 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ 215 టీఎంసీలకు తగ్గిపోయింది. జలాశయానికి నష్టమైన ఆ ఒండ్రు తీరపు నేలకు ఎరువు. నీళ్లు తీసినకొద్దీ సోమశిల, దాని చుట్టుపక్కల ఊళ్ల రైతులు తడి ఆరని రేగడి వెంబడి కిందికి దిగుతూ వేరుశనగ, మొక్కజొన్న, జొన్న వేస్తారు. నీరు తేలిన చోట పాత బావుల ఒరలూ ఇళ్ల పునాదులూ కనిపిస్తాయి, వాటిని బట్టి ఎవరి చేను ఎక్కడో పెద్దవాళ్లు గుర్తుపడతారు. చట్టం దృష్టిలో అది సర్కారు నేల, పరిహారం తీసుకున్నాక పాత యజమానికి అక్కడ నిలబడే హక్కు కూడా లేదు. అయినా సాగు జరుగుతుంది. దీనిని ఆక్రమణ అనడం సులువు. అయితే శిఖం పట్టా ఇచ్చిన రెవెన్యూ సంప్రదాయానికి ఇది ఏమంత వింత విషయం కాదు. నీటికి ఆరు నెలలు, నేలకు ఆరు నెలలు అని చెరువు విషయంలో ఒప్పుకున్న రాజ్యం, చెరువు పెద్దదై ప్రాజెక్టు అయ్యేసరికి ఆ న్యాయాన్ని మరచిపోయింది. తాత్కాలిక సాగుకు ఏటేటా రాతపూర్వక అనుమతి, పంటకు బీమా, అదాటున నీరు ఎక్కితే నష్టానికి లెక్క ఉండాలంటే ముందుగా ఆ నేలకు ముంపు అన్నది కాక మరొక పేరు కావాలి.

గీత ఎంత గట్టిదో 2009 అక్టోబరు మొదటివారం చూపింది. జలాశయంలో నీరు 896 అడుగులు దాటి, అంటే పూర్తి మట్టానికి పదకొండు అడుగుల పైన నిలిచి, వెనుకకు తన్ని, కర్నూలు నగరాన్నీ అలంపురం వైపు ఊళ్లనీ ముంచింది. ముంపు కానివిగా లెక్క తేలి పరిహారం అందని నేలలూ ఆ వారం ముంపే అయ్యాయి. జావాలోనూ ఇలాంటి గీత ఉంది. మధ్య జావాలో ప్రపంచబ్యాంకు అప్పుతో కట్టిన కెడుంగ్ ఓంబో ఆనకట్ట వెనుక 1989 జనవరిలో నీరు నింపడం మొదలైనప్పుడు, ఐదువేలకు పైగా కుటుంబాల నేల పోతుండగా, పరిహారం చాలదని కొన్ని కుటుంబాలు ఊరు కదలకుండా నీటి అంచునే కూర్చున్నాయి; రచయిత, క్రైస్తవ గురువు మంగున్‌విజయ వారి పిల్లలకు అండగా నిలిచాడు. 1981లో ఇక్కడ కూలిన ఇళ్లకు అలాంటి ప్రపంచ ప్రచారం దొరకలేదు.

ఆస్తి పోతే దేవుడు ఏమవుతాడన్న ప్రశ్నకు ఈ తీరంలో దొరికిన సమాధానం విచిత్రమైనది. సోమశిలలోని సోమేశ్వరాలయాన్ని రాయి రాయికీ విప్పి ఎత్తైన చోట తిరిగి నిలబెట్టారు, అక్కడ పన్నెండు జ్యోతిర్లింగాల పేర్లతో గుళ్లు ఉండడం వల్ల శివరాత్రికీ కార్తీకానికీ జనం దూరం నుంచి వస్తారు. చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి, జటప్రోలు గుళ్లు కొత్త జటప్రోలుకు చేరాయి. శిల్పం ఉన్న రాతికి పురావస్తు శాఖ ఉంది, అందుకు సంతోషించవలసిందే. ఊరి నడుమ పాతిన బొడ్రాయికీ చేలగట్టు మీది మైసమ్మకూ ఆ శాఖ లేదు, వాటిని ఊరివాళ్లే మోసుకెళ్లారు లేదా కొత్తగా పాతుకున్నారు. బొడ్రాయి పండుగకు ఆడబిడ్డలందరూ పుట్టింటికి వస్తారు, ఊరి చుట్టూ పొలిమేర వెంట పొలి చల్లి కట్టు వేస్తారు. ఏ చేను ఊరిలోపలిది, ఏది బయటిది అని ఆ నడక ఏటేటా చెప్పే సర్వే లాంటిది. జావా పల్లెలో పంటల తర్వాత జరిగే ‘బర్సిహ్ దేసా’ అనే ఊరి శుద్ధి పండుగలోనూ ఊరు కట్టిన తొలి పురుషుడి సమాధి దగ్గర, ఊరిని కాచే ‘దాన్యాంగ్’ అనే శక్తికి విందు పెడతారు, ముసల్మాను ప్రార్థనా పాత నమ్మకమూ అక్కడ ఒకే చాప మీద కూర్చుంటాయి. పీర్ల పండుగలో నిప్పుల అలావా చుట్టూ అన్ని కులాలూ తిరిగే పాలమూరు పల్లెకు అది కొత్తగా అనిపించదు. అయితే పొలిమేరలో ఒక వైపు నీటిలోకి పోయినప్పుడు పొలి ఎక్కడి దాకా చల్లాలన్నది ముంపు ఊళ్లు తమంతట తామే తేల్చుకోవలసిన సంగతి అయింది.

నేల పోయిన చోట నీరు ఆస్తి అయింది. చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘాల సభ్యత్వం, లైసెన్సుల రూపంలో వచ్చింది, వీటితోపాటు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన జాలరులు ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకుని చేపలు ఎండబెట్టే బతుకూ వచ్చింది. చిన్న కన్నుల అలివి వలలు చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నాయని స్థానికులు గొడవపడతారు. అలివి వల నిషేధమైనదే, అయితే ఆ గొడవలో సముద్రం దగ్గరివాడికి ఏటిమీద ఏం హక్కన్న ప్రశ్న కూడా కలిసి ఉంటుంది, పాలమూరు కూలీ పరాయి రాష్ట్రంలో ఎదుర్కొన్న ప్రశ్న కూడా అదే. నీటిమీద వాడే పుట్టికీ కల్లంలో గింజ కొలిచే పుట్టికీ పేరు ఒకటే కావడం భాష చేసిన చమత్కారం. రెండో పుట్టి నిండని ఇంటివారు మొదటి పుట్టి ఎక్కారు. నీటిమీదే కన్నువేసిన మరో వర్గం ఎత్తిపోతలు: కల్వకుర్తి పథకం రేగుమానగడ్డ దగ్గర, పాలమూరు–రంగారెడ్డి పథకం నార్లాపూర్ దగ్గర ఈ వెనుక జలాల నుంచే నీరు తోడతాయి, తీరపు ఊళ్ల చెలకలు మాత్రం చాలాచోట్ల ఇంకా మబ్బు వైపే చూస్తాయి.

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయిన తర్వాత వంతెన కోరిక గట్టిపడింది. 2022లో కేంద్రం సోమశిల దగ్గర కృష్ణ మీద సుమారు రూ.1,082 కోట్ల అంచనాతో తీగల వంతెన మంజూరు చేసింది. కల్వకుర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, నంద్యాలను కలిపే జాతీయ రహదారి దానిమీదుగా పోతుంది. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్లు, లాంచీలు, పర్యాటకుల గదులు చూసి ఒడ్డున గజం ధర అడిగేవారు ఇప్పుడు పెరిగారు, గుంట అనే మాట వారి నోట వినిపించదు. వేసవిలో నీళ్లు తీసినప్పుడు అవతలి ఒడ్డున మరో సంగమేశ్వరుని వేపలింగం బయటపడి, అర్చకుడు కొన్ని నెలల పాటు పూజ చేస్తాడు. వరద రాగానే గర్భగుడి మునిగి, చివరకు శిఖరం దగ్గర హారతి పట్టి పడవలో వెనక్కి వస్తాడు. ఇవతలి ఒడ్డున వేరుశనగ పీకే కూలీలూ అదే వరద కంటే ముందే చేను ఖాళీ చేయాలి. దేవాదాయ శాఖ లెక్కల్లో ఆ మునిగే గుడి గుడిగానే ఉంది. ఈ మునిగే చేను మాత్రం ఏ పాసుపుస్తకంలోనూ చేనుగా లేదు.